అమరం కన్నం, ఇంటి బిరడా

మెట్ట దిగి

వేసవి వేట నిషేధం ముగియవచ్చే రోజుల్లో యానాం వెళ్ళినవారికి ఒక దృశ్యం కనబడుతుంది. ఏటి ఒడ్డున ఇసుకమీద పడవలన్నీ ముక్కు పైకెత్తి, వెనకభాగం కిందికి వాల్చి, వరుసగా విశ్రమించి ఉంటాయి. ప్రతి పడవకూ వెనకపలక అడుగున బొటనవేలు దూరేంత కన్నం ఉంటుంది. ఏ కన్నానికీ మూత ఉండదు. నీటిమీద బతకవలసిన వస్తువుకు అడుగున రంధ్రం చేయడమేమిటని నాకు తోచినట్టే మీకూ తోచవచ్చు. ఆ రంధ్రం గురించి, దానిని మూసే బిరడా గురించి, ఆ బిరడాను గుప్పిట పట్టుకొని నాతో ఏటిమీద ప్రయాణించిన ఒక తల్లి గురించి చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా నివాసం జంగారెడ్డిగూడెం. పామాయిలు తోటలు, జీడిమామిడి, పొగాకు మా సిరి. నీరంటే మాకు బోరు గొట్టంలోనుంచి వచ్చేదే కాని కంటిముందు పారేది కాదు. అయితే నా ఉద్యోగజీవితంలో కొంతకాలం కోటిపల్లికి ఎగువన, గౌతమి పాయ నడుమ ఉన్న ఒక లంకలో తెలుగు పండితుడిగా గడిచింది. ఆ రోజుల్లో ఉదయం, సాయంకాలం నన్ను ఏరు దాటించినవాడు ధర్మరాజు అనే జాలరి. మాట తక్కువ, చేతిలో నిబ్బరం ఎక్కువ. మద్యమొక్కటే అతనికి వైరి. నేను బదిలీమీద వచ్చేసిన కొన్నేళ్ళకు అతడు ఏటిలోనే పోయాడని తెలిసింది. ఎలా పోయాడో చెప్పినవారు లేరు.

ఈ జ్యేష్ఠమాసంలో ఒకనాడు అతని భార్య నూకరత్నం ఫోను చేసింది.

“మాస్టారండీ, నేనండి, నూకరత్నాన్నండి. మావోడు బోటు కొంటానంటన్నాడండి. యానాంలో పాత ఫైబర్ బోటు ఒకటి సూసేడు. మీరు రావాలండి.”

“పడవల సంగతి నాకేం తెలుసమ్మా?”

“తెలీపోయినా పర్లేదండి. కొన్న బోటులో తొలి కాలు ఇంటోళ్ళు పెట్టకూడదండి మాలో. బయట పెద్దోరు పెట్టాలి. మీరు ఎక్కితే నేనూ ఎక్కుతానండి. ఎక్కాక నా మనసు ఎలాగుంటే అలాగ. వద్దనిపిత్తే, కొన్న బోటైనా సరే, ఒడ్డునే కుళ్ళిపోనిత్తాను.”

భర్త పోయిన తరువాత ఆమె రేవు దాటించే పెద్ద పంటు తప్ప మరో పడవ ఎక్కలేదు. కొడుకు సత్తిబాబు మాత్రం తల్లి వద్దంటున్నా పరుల పడవల్లో కూలికి వెళుతూ ముప్ఫయ్యో పడిలో పడ్డాడు. సొంత బోటు కొనడానికి ఆమె ఒప్పుకుంది. అందులో కొడుకును ఏటిమీదికి పంపడానికి ఇంకా ఒప్పుకోలేదు. నేను బయలుదేరినది ఈ రెంటి నడుమకే.

రాజమహేంద్రవరం

కొవ్వూరు వంతెనమీద బస్సు నెమ్మదించినప్పుడు గోదావరిని చూశాను. వేసవి కదా, ఏరు సన్నగిల్లి, ఇసుకతిన్నెల నడుమ పాయలుపాయలుగా ఉంది. వరద తెచ్చే ఎర్రనీరు ఇంకా దిగలేదు. మా మెట్టవారు ఈ వంతెనమీద చిల్లర నాణెం విసిరి దండం పెడతారు. నా పక్కన కూర్చున్న కొవ్వూరు ఆవిడ అది చూసి, “మేం రోజూ దాటతామండి, రోజూ ఏత్తే మా ఇల్లు గడవదు” అని నవ్వింది. ఎప్పుడో ఒకసారి చూసేవాడి భక్తి వేరు, నిత్యం దాటేవారి చనువు వేరు.

బస్సు స్టేషనులో తల్లీకొడుకులు నాకోసం కాచుకొని ఉన్నారు. నూకరత్నం జుట్టు నెరిసింది. నడుము మాత్రం వంగలేదు. సత్తిబాబు వంగి నా కాళ్ళు తాకాడు. తండ్రి భుజాలే, తండ్రి మౌనమే. పక్క హోటలులో పెసరట్టు ఉప్మా తిన్నాం. అరవై రూపాయలు. మా ఊళ్ళో అల్లప్పచ్చడి గట్టిగా, కారంగా ఉంటుంది. ఇక్కడ బెల్లం తగిలించి, చారులా జారుడుగా పోస్తారు. నూకరత్నం టీ మాత్రమే తాగింది. ఆమె ఎడమచేయి మాటిమాటికీ రొంటిన దోపుకొన్న చిన్న మూటమీదికి పోతూ ఉండడం అప్పుడే గమనించాను. డబ్బు కాబోలు అనుకొన్నాను.

ద్రాక్షారామం దారి బస్సు

రామచంద్రపురం దాటాక బస్సులో ఖాళీ సంచులతో నలుగురైదుగురు ఎక్కారు. వారిలో ఒక పొట్టిమనిషిని కండక్టరు ఎరుగును.

“ఏంటండి, మళ్ళీ యానామేనా? మొన్ననేగా వెళ్ళారు!”

“ఆయ్, కళ్ళజోడు మార్పించుకుందారని.”

“సంచి ఎందుకండీ మరి?”

“కళ్ళజోడు గాజుదండి. పగిలిపోద్దని గడ్డిలో సుట్టి తెచ్చుకుంటాను.”

బస్సంతా నవ్వింది. యానాం వేరే ప్రభుత్వం కింద ఉన్నది, సరిహద్దు దాటితే మద్యం సీసా చవక అన్న సంగతి ఈ ప్రాంతంలో బడిపిల్లలకు కూడా తెలుసు. నేనూ నవ్వాను. నూకరత్నం నవ్వలేదు. కిటికీవైపు ముఖం తిప్పుకొంది. ద్రాక్షారామ గాలిగోపురం కనబడినప్పుడు అందరూ చేతులు జోడించారు. ఆమె మాత్రం చెయ్యి మూటమీదినుంచి తీయకుండానే తల వంచింది. ఆ మనిషి యానాం చేరేలోగా మరి రెండు చమత్కారాలు చెప్పాడు. వాటికి నవ్వడం నావల్ల కాలేదు.

యానాం: ఇసుకమీద బోటు

బోటు అమ్మే వీర్రాజు అరవై దాటినవాడు. మోకాళ్ళు పట్టేయడంతో వేట మానుకొన్నాడు. నీలిరంగు ఫైబర్ బోటు, వెనక బిగించే మోటారు. పాతదే కాని రంగు చెదరలేదు.

వీర్రాజు నోట “అణియం”, “అమరం” అన్న మాటలు వినగానే నా మనస్సు పులకరించింది. పడవ ముందుభాగం అణియం, వెనకభాగం అమరం. నిఘంటువులో చూపించి పిల్లలచేత వల్లెవేయించిన పదాలవి. ఇక్కడ అవి తడి కాళ్ళతో తిరుగుతున్నాయి.

“ఈ కన్నం ఎందుకయ్యా?” అని అమరం అడుగు చూపించి అడిగాను.

“వాన కురుత్తాదండి. కెరటం ఎగిరి పడతాది. లోపలికొచ్చిన నీళ్ళు లోపలే నిలిచిపోతే బరువుకి అడుగు ఇరిగిపోద్ది. అందుకే ఒడ్డున పెట్టేటప్పుడు అణియం ఎత్తుగా, అమరం పల్లంగా పెట్టి బిరడా పీకేత్తాం. నీళ్ళు వాటంతటవే పోతాయి. ఏటిలోకి దిగేటప్పుడు బిరడా బిగించుకోవాలి. ఒడ్డున బిగించినోడూ ఎర్రోడే, ఏటిలో మర్చిపోయినోడూ ఎర్రోడేనండి.”

“రెండో ఎర్రోడు మళ్ళీ కనపడడు” అన్నాడు వెనకనుంచి ఎవరో. నలుగురూ నవ్వారు.

మా మెట్టలో చెరువుకు తూము ఉంటుంది. నీరు కావలసినప్పుడు తెరుస్తాం, నిలవలసినప్పుడు మూస్తాం. పడవకు తూము తలకిందులుగా ఉన్నది. నేలమీద తెరవాలి, నీటిమీద మూయాలి.

సత్తిబాబు తొందరపడే మనిషి కాడు. కన్నంచుట్టూ ఉన్న ఇత్తడి వలయాన్ని వేలితో తడిమాడు. లోపలి మరలు కొద్దిగా అరిగినా పట్టు ఉన్నదన్నాడు. అమరానికి ఇరువైపులా, నడకపలకల మట్టంలో మరి రెండు కన్నాలున్నాయి. వాటికి బిరడాలు ఉండవట. పలకలమీద పడిన నీరు అవతలికి జారిపోవడానికి అవి. ఏరు ఎప్పుడూ వాటికి దిగువనే ఉండాలి. బోటు బరువెక్కి ఏరు వాటిదాకా వచ్చిందంటే బయటికి పోవలసిన దారినే నీరు లోపలికి వస్తుంది. అతడు బిందెడు నీళ్ళు తెచ్చి అణియం దగ్గర పలకలమీద గుమ్మరించాడు. నీరు గలగల పారి అమరం చేరి, చుక్క మిగలకుండా బయటికి పోయింది. అందరం తృప్తిపడ్డాం. పలకలపైన పోసిన నీరు పలకలకింది సంగతి చెప్పదని మాలో ఎవరికీ ఆ క్షణాన తట్టలేదు.

బేరం కుదిరింది. సత్తిబాబు ఫోను చూపించి పైకం చెల్లించాడు. “బిరడా ఏదయ్యా?” అని నేను అడిగాను. వీర్రాజు భార్య మంగాయమ్మ ముఖం చిన్నబుచ్చుకొంది.

“బిరడా అమ్మమండి. మా దేవుడి గూట్లో ఉంటాది. బోటు ఒడ్డుకొచ్చిన పూట ఇంటాయన తెచ్చి ఇంటిదాని సేతిలో పెడతాడు. ఎల్లేటప్పుడు అడిగి తీసుకెళతాడు. బోటు పోయినా బిరడా ఇంట్లోనే ఉండాలండి. కొన్నోళ్ళు ఆళ్ళింటి బిరడా తెచ్చుకోవాలి.”

మా ప్రాంతంలో ఆవును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. ఆవు వెంట ఇంటి లక్ష్మి తరలిపోకుండా పలుపు గూటానికే ఉంచుకొంటాడు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాలి. ఏటికీ మెట్టకూ ఎంత దూరమున్నా ఈ మాట ఒక్కటే కావడం నన్ను ఆశ్చర్యపరచింది.

అప్పుడు నూకరత్నం రొంటిన ఉన్న మూట విప్పింది. నేను డబ్బనుకొన్నది బిరడా. తుమ్మచేవతో చెక్కినది, పసుపుపూతలతో నల్లబడింది. ధర్మరాజు పడవది. ఆమె దానిని కొడుకు చేతికిచ్చింది. సత్తిబాబు ఇత్తడి వలయంలో పెట్టి చూశాడు. అది వదులుగా ఊగి, అతని చేతిలోకే జారింది.

“ఓ గుడ్డముక్క సుట్టెయ్యి బాబూ, బిగిసిపోద్ది. లంకదాకానేగా!” అన్నాడు వీర్రాజు.

“గుడ్డ ఎట్టొద్దు!”

ఆ కేకకు ఒడ్డున వల బాగుచేసుకొంటున్నవారు కూడా తలలెత్తారు. నూకరత్నం కొడుకు చేతిలోని బిరడాను లాక్కుని, ఇసుకమీద కూర్చుండిపోయింది.

మంగాయమ్మ వసారా

మంగాయమ్మ ఆమెను చేయిపట్టి ఇంటికి తీసుకువెళ్ళింది. వెనకనే మేమూ వెళ్ళాం. వసారాలో చాప వేసి, తాటిముంజలు ఒలిచి ఇత్తడి పళ్ళెంలో పెట్టారు. మా వైపు ముంజను వేలితో పొడిచి నీరు పీలుస్తారు. ఇక్కడ పైపొర తీసి, నీరు చెదరకుండా పళ్ళెంలో ముత్యాలలా పేరుస్తారు. ఎవరమూ ముట్టలేదు.

“ఏమైందొదినా?” అని మంగాయమ్మ మెల్లగా అడిగింది.

నూకరత్నం బిరడాను ఒడిలో పెట్టుకొని నేలకు చూస్తూ చెప్పింది.

“ఆ రోజు పొద్దున్నే తాగొచ్చేడొదినా. ఈ యానాం నించే. గాలి రేగతంది. ‘బిరడా ఇయ్యే, ఏటికి పోవాలి’ అన్నాడు. ఇయ్యనన్నాను. కొట్టేడు. అయినా ఇయ్యలేదు. బిరడా నా కాడుంటే మడిసి ఒడ్డున ఉంటాడు గదా అనుకున్నాను. దండెం మీద ఆరేసిన నా పాత సీర చింపి, ఆ పీలిక బొక్కలో కుక్కుకుని పోయేడు. మూడో నాడు బోటు దొరికింది. మడిసి ఆ తర్వాత దొరికేడు. పీలిక సగం బొక్కలో ఉంది, సగం నీళ్ళల్లో ఆడతంది. నా సీరేనని నేను ఎవరికీ సెప్పలేదు.”

కొంగుతో ముఖం తుడుచుకొని కొడుకువైపు చూడకుండానే అంది.

“ఈడికీ సెప్పలేదు.”

ఆమె చేసినది తప్పని చెప్పగలవారు అక్కడ లేరు. తప్పుకాదని చెప్పినా ఆమె వినే స్థితిలో లేదు. ఇన్నేళ్ళ చదువులో ఓదార్పు శ్లోకాలు ఎన్నో కంఠస్థం చేశాను. ఒక్కటి కూడా నాలుకదాకా రాలేదు. అది మంచిదే అయింది.

సత్తిబాబు గోడకు చేరగిలి నిలుచున్నాడు. తల్లి ముందుకు వచ్చి గొంతుక్కూర్చొని, “నీ సీర కాపోతే ఇంకోళ్ళ సీర చింపేవోడమ్మా. ఆయన పోవాలనుకున్నాడు, పోయాడు” అన్నాడు. లేచి, “షాపు మూసేత్తాడు” అంటూ ఒడ్డునే ఇత్తడి వలయం కొలిచి తెచ్చుకొన్న పుల్ల జేబులో వేసుకొని బజారుకు పోయాడు.

దీపాలు పెట్టేవేళకు తిరిగివచ్చాడు. మరలున్న ఇత్తడి బిరడా, మెడకు నల్లని రబ్బరు ఉంగరం. తల్లి అరచేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఏ ఇంట్లోనూ ఉండలేదు గదరా. దేవుడి గూట్లో నిద్ర సెయ్యని బిరడా బోటుకెలా పెడతాం?” అంది. ఆమె ఇల్లు ఏటికవతల ఉంది. బిరడా లేనిదే ఏరు దాటడం కుదరదు. ఏరు దాటనిదే బిరడా గూటికి చేరదు.

మంగాయమ్మ చేయి చాచింది. “ఇలా తే వదినా. ఈ రేత్రికి మా గూట్లో ఉంటాది. పొద్దున్న ఆడపిల్లని సాగనంపినట్టు పసుపెట్టి నీ సేతికిత్తాను.”

“మన అదృష్టమంతా దాంతో పోద్దేమోనే!” అన్నాడు వీర్రాజు.

“పోతే పోనీ. నీ అదృష్టం ఏపాటిదో నలబయ్యేళ్ళుగా సూత్తన్నాను గదా!”

అప్పుడు మొదటిసారి నూకరత్నం పెదవిమీద నవ్వు కదిలింది. అంతదాకా ముట్టని ముంజలు తలా ఒకటి తీసుకొన్నాం. రాత్రి భోజనంలో చింతచిగురు పప్పు, మామిడికాయ ముక్కలు నాకు. వారికి పండుగప్ప పులుసు. “మాస్టారికి సేపలేని పూట కూడా అన్నం దిగుతాదా!” అని మంగాయమ్మ నిజంగానే జాలిపడింది.

ఏటి మీద

తెల్లవారగానే బోటును నీటి అంచుదాకా నెట్టారు. తొలి అడుగు నాది. కుడికాలు బోటులో పెట్టేసరికి ఎడమ చెప్పు బురదలో దిగబడిపోయింది. లాగబోయి నేనే చతికిలబడేవాణ్ణి, వీర్రాజు పట్టుకొన్నాడు. ఆ చెప్పును గౌతమికే విడిచిపెట్టి, ఒంటిచెప్పుతో శుభారంభం చేశాను. మంగాయమ్మ పళ్ళెంలో తమలపాకుమీద ఇత్తడి బిరడాను పెట్టి తెచ్చింది. నూకరత్నం కళ్ళకద్దుకొని కొడుక్కిచ్చింది. సత్తిబాబు అమరంలో కూర్చొని, లోపలినుంచి దానిని తిప్పి, ఆగినచోట మరొక్క బిగింపు బిగించాడు. ఆ తరువాతే బోటును ఏటిలోకి దింపారు.

సముద్రపు పోటు ఏటిలోకి ఎక్కుతున్న వేళ. ఎగువకు ప్రయాణం సుఖంగా సాగింది. వంతెన కింద దాటుతుంటే పైన లారీలు చప్పుడు చేసుకొంటూ పోతున్నాయి. ఆపైన రెండువైపులా కొబ్బరితోటలు నీటి అంచుదాకా వంగి ఉన్నాయి. మా ఊరి చెరువులో కొంగ ఒడ్డున నిలబడుతుంది. ఇక్కడ ఏటి నడుమ ఇసుకమేటమీద కొంగలు గుంపుగా సభతీరి ఉంటాయి. నూకరత్నం నడుమ పలకమీద కూర్చొని చూపు నీటిమీద నిలపకుండా కొడుకు చేతులమీదనే నిలిపి ఉంచింది.

కొంతదూరం పోయాక ఎదురుగాలి లేచింది. పోటుకు ఎదురుగా గాలి వీచినప్పుడు ఏరు చిన్నచిన్న కెరటాలుగా విరుగుతుంది. అణియంమీద నీరు ఎగిరిపడసాగింది. అక్కడ లంగరుతాడు ఉంచే అర ఒకటి ఉంది, దాని మూత విరిగి ఉన్నదని నేను చూశాను. చూసి ఊరుకొన్నాను. క్రమంగా బోటు ముక్కు బరువెక్కింది. కెరటాన్ని ఎక్కడం మాని గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

సత్తిబాబు ఒక చేత్తో మోటారు పట్టుకొని, రెండో చేత్తో అమరం పలక ఎత్తి చూశాడు. “సుక్క నీళ్ళు లేవమ్మా. బిరడా బిగువుగానే ఉంది.”

“మరి ముక్కెందుకు దిగిందిరా?” అంది తల్లి.

ఆమె లేచి, వంగుతూ ముందుకు జరిగి, నడుమ అడ్డుగోడమీది పలకను రెండు చేతులా పీకింది. పలకకింద, విరిగిన మూత దారిన దిగిన మోచేతిలోతు నీరు. అణియంవైపు భాగమంతా నిండి ఉంది. వెనకభాగం పొడిగా ఉంది. అడ్డుగోడ అడుగున ముందునీరు వెనక్కి పోవడానికి ఒక కన్నం ఉండాలి. ఆమె చేయి ముంచి తడిమింది.

“గుడ్డ” అంది. “గుడ్డ కుక్కేరు.”

తరువాత ఫోనులో అడిగితే వీర్రాజు నిజం ఒప్పుకొన్నాడు. చేపల మంచు కరిగిన నీరు వెనక్కి వచ్చి కంపుకొడుతున్నదని ఎప్పుడో లోపలి కన్నంలో గుడ్డ కుక్కి మరచిపోయాడట.

“తియ్యనా?” అని ఆమె కొడుకును అడిగింది.

“తియ్యి. మాస్టారండీ, మీరు అణియం కాడికెళ్ళి కూర్చోండి. నీళ్ళు ఒక్కసారే ఎనక్కొత్తాయి.”

నేను పాకుతున్నట్టుగా ముందుకు పోయి వెనక్కి తిరిగి కూర్చున్నాను. నూకరత్నం పళ్ళు బిగించి లాగింది. కుళ్ళిన గుడ్డ పీలికలుగా ఊడివచ్చింది. పలకలకింద నీరు గుబగుబమని వెనక్కి పరుగెత్తింది. ముక్కు లేచింది, అమరం దిగింది. మోటారు బరువు, సత్తిబాబు బరువు, నీటి బరువు అన్నీ అక్కడే. పక్క కన్నాల అంచును ఏరు నాకసాగింది. ఒక కెరటం అటునుంచి ఇటు తొంగి చూసి పలకలమీదికి వచ్చింది. నూకరత్నం ముంతతో తోడసాగింది. తోడినదానికంటే వస్తున్నది ఎక్కువ.

“ఒడ్డుకు చేర్చలేమా?” అని అరిచాను.

“ఒడ్డున ఊబండి, దరి దొరకదు. అమ్మా, ముంత వదిలెయ్యి. బిరడా తియ్యి.”

ఆమె విన్నది నమ్మలేనట్టు చూసింది. “ఏటి మజ్జిన బిరడా తియ్యమంటావేంట్రా!”

“పరిగెత్తే బోటు నీళ్ళు కక్కుద్దమ్మా. ఆగితేనే తాగుద్ది. నేను ఈ సెయ్యి తియ్యలేను, ఇంజిను ఆపకూడదు. నువ్వే తియ్యాలి.”

“ఆపవు గదా?”

“ఆపను.”

ఆ తల్లి కొడుకు ముఖంలోకి చూసిన చూపును నేను ఎదురుగా కూర్చొని చూశాను. నాడు భర్త చేతికి ఇవ్వనన్న బిరడాను నేడు కొడుకుకోసం తన చేత్తో తీయాలి. ఆమె వంగి, నీటిలో చేయి పెట్టి, తిప్పింది. రెండుసార్లు జారింది. మూడోసారి బిరడా ఊడి గుప్పిట్లోకి వచ్చింది. సత్తిబాబు మోటారు పూర్తిగా తెరిచాడు. బోటు ముందుకు దూకింది. అమరం వెనక మోటారు నురుగు పక్కన మరొక సన్నని ధార మట్టిరంగుతో వెళ్ళిపోతూ ఉండడం నాకు కనబడింది. లోపలి నీరు మొదట ఆలోచించినట్టు నిలిచి, తరువాత కన్నంవైపు సుడి తిరిగి తగ్గసాగింది. పక్క కన్నాల అంచులు ఏటినుంచి పైకి లేచాయి. ఆమె గుప్పిట గుండెకు ఆనించుకొని, పెదవులు కదుపుతూ కూర్చుంది. దేవుణ్ణి తలచుకొన్నదో భర్తనో నాకు తెలియదు.

అడుగున నీరు పలచబడి గురగురమని చప్పుడయింది. “ఇప్పుడు పెట్టమ్మా” అన్నాడు కొడుకు. ఆమె పెట్టింది. తిప్పింది. ఆగినచోట మరొక్క బిగింపు బిగించింది. అప్పుడు గాని అతడు వేగం తగ్గించలేదు.

ఆమె తడిచేతిని కొంగుకు తుడుచుకొని, “నాన్నలాగ పట్టుకుంటావురా మోటారుని” అంది. ముంతను పక్కకు నెట్టి, “ఆయన తాగని రోజున” అని చేర్చింది.

లంక

మధ్యాహ్నానికి లంక చేరాం. చుట్టుపక్కలవాళ్ళు చేయివేసి బోటును ఒడ్డుకు లాగి, అణియం ఎత్తుగా, అమరం పల్లంగా నిలిపారు. సత్తిబాబు బిరడా తీశాడు. మిగిలిన కొద్దిపాటి నీరు సన్నని తీగగా ఇసుకలోకి జారిపోయింది. వాళ్ళ ఆచారం ప్రకారం అతడు బిరడాను రెండు చేతులా తల్లికి అందించాడు. మూగినవారంతా ఆమెనే చూస్తున్నారు. ఈ బోటు ఏటిమీద తిరుగుతుందా, ఒడ్డున కుళ్ళుతుందా అన్నది ఆమె నోటినుంచి రావలసిన మాట. ఆమె బిరడా పుచ్చుకొని ఇంటికి నడిచింది.

ఆ పూట నాకు మామిడికాయ పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర వండింది. వంట అయ్యాక రొంటినుంచి తుమ్మచేవ బిరడా తీసి దేవుడిగూట్లో, అది ఎప్పుడూ ఉండే చోటనే పెట్టి బొట్టు పెట్టింది. కొత్తదానికి కూడా బొట్టు పెట్టి, గూట్లోకి చేయి పెట్టబోయి ఆగింది. ఇటూ అటూ చూసి, వీధిగుమ్మం పక్క, లాంతరు తగిలించే మేకుకు దారంతో దానిని వేలాడదీసింది. లోపలికి వచ్చేవాడికీ బయటికి పోయేవాడికీ చేతికందే ఎత్తు అది.

“ఇక్కడేంటమ్మా? గూట్లో పెట్టవా?” అన్నాడు సత్తిబాబు.

“ఇక్కడే ఉంటాది. ఎల్లేటప్పుడు తీసుకెళ్ళు, వచ్చేక తగిలించు. నన్ను అడగొద్దు.”

“అడగాలి గదమ్మా, మన పద్ధతి...”

“అడిగితే ఏదో ఒకనాడు ఇయ్యననేత్తాను. నా సంగతి నాకు తెలుసు. అడగొద్దు.” కంచంలో అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండా చెప్పింది. “గుడ్డ మాత్రం పెట్టకు. బిరడా కనపడకపోతే ఆ రోజు ఏటికి పోకు. అంతే.”

కొడుకు తలూపి భోజనం చేశాడు. అంతకుమించి వారిద్దరి నడుమ ఆ మాట మళ్ళీ రాలేదు.

మరునాడు నేను లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చింది. గుమ్మం పక్క మేకు ఖాళీగా ఉంది. నూకరత్నం అరుగుమీద కూర్చొని బియ్యం చెరుగుతున్నది.

“అడిగాడా అమ్మా?”

“అడగలేదండి. అడగొద్దన్నాను గదండీ.”

ఏటివైపునుంచి మోటారు చప్పుడు వినవచ్చింది. ఆమె అటు చూడలేదు. చేతిలో చేట మాత్రం ఆగిపోయింది. ఆ చప్పుడు ఎగువకు సాగి, పలచబడి, కొబ్బరాకుల గలగలలో కలిసిపోయేదాకా ఆగే ఉంది. తరువాత మళ్ళీ కదిలింది.